కిటికీ గట్టు మీద ఆదిత్యాలు

గడియారాలు బాగుచేసే ఆయనకి జ్వరం తగ్గింది గానీ, నోటికి రుచి తెలియకుండా పోయింది. రెండు నెలలుగా ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉండేది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. కోడలు పొద్దున్నే వండిపెట్టి బస్సు డిపోకి పరుగెత్తే మనిషి. ఆమెని కంగారుపెట్టడం ఎందుకని, ఏం వడ్డించినా "అద్భుతం తల్లీ" అంటూ లొట్టలేసేవాడు.

మొక్కల దుకాణంలో పనిచేసే చెల్లెలికి మాత్రం గోడు చెప్పుకున్నాడు. ఆవిడ పొట్లంలో ఆదిత్యాలు తెచ్చిచ్చింది. హలీం గింజలంటారే, ఆ ఎర్రటివి. వాటి లేత మొలకలు ఆవాల్లా ఘాటుగా ఉంటాయనీ, నాలుకని కదిపితే అవే కదపాలనీ ఆశపెట్టింది.

ఆత్రం కొద్దీ ఆయన సగం పొట్లం గిన్నెడు నీళ్లలో పోశాడు. తెల్లారేసరికి అంతా జిగురుముద్ద. చెల్లెలు ఫోన్లోనే చీవాట్లు పెట్టింది.

"గింజలకి స్నానం చేయించమన్నానా అన్నయ్యా? తడిగుడ్డ మీద పల్చగా చల్లమన్నాను."

ఈసారి పళ్లెంలో గుడ్డ పరిచి, గడియారపు మరలు పట్టుకునే పట్టకారుతో ఒక్కో గింజా ఎడంగా పేర్చాడు. కిటికీ గట్టు మీద పెట్టి పూటపూటా నీళ్లు చిలకరించాడు. మూడోరోజుకి తెల్లటి వేళ్లు గుడ్డని కరిచిపట్టుకున్నాయి. కంటికి భూతద్దం బిగించుకుని వాటినే చూస్తూ కూర్చుంటే, బల్ల మీద విప్పిన గడియారం సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది.

ఎనిమిదో రోజున కత్తెరతో గుప్పెడు కోసి, ఉడికిన గుడ్డు మీద చల్లుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఉసూరుమంటూ ఉత్త ఆకులే నోట్లో కుక్కుకుని గట్టిగా నమిలాడు. నాలుక కొసన చురుక్కుమంది. అది ఎక్కడ జారిపోతుందోనని నోరు మూసుకుని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత రోజుకింత పులుపు, రోజుకింత తీపి తిరిగొచ్చాయి. ఒక సాయంత్రం అన్నం తింటూ అలవాటు తప్పి, "కూరలో ఉప్పు ఎక్కువైంది తల్లీ" అనేశాడు.

కోడలు గరిటె ఆపి చూసింది.

"పోయిన నెల ఒకరోజు ఉప్పు వేయడమే మర్చిపోయాను మామయ్యా. అప్పుడూ అద్భుతమన్నారు. నన్ను పరాయిదానిలా చూస్తున్నారేమో అనుకున్నాను."

ఆయన మొహం చిన్నబోయింది. జ్వరం దగ్గర్నుంచీ అంతా చెప్పేశాడు. ఆమె కాసేపు కోప్పడింది, కాసేపు నవ్వింది. ఆఖరికి కత్తెర తీసుకుని, రేపటి తన అన్నం డబ్బాలోకి కూడా కొంచెం కోయమని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది.