సర్వర్ గదిలో కూలర్

బేతంచెర్లలో దుమ్ము పడని చోటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఊరి చుట్టూ బండలు కోసే మిషన్లు పొద్దస్తమానం తిరుగుతుంటాయి. అన్నం గిన్నె మీద, అద్దం మీద, దేవుడి పటం మీద, కొత్త పెళ్ళికూతురి జడ మీద, ఎక్కడ చూసినా తెల్లటి పొడే. అలాంటి ఊళ్ళో దుమ్ము లేని గది ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టిన మొండిమనిషి నఫీసా.

ఆమె ఊరి చివరి బండల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఆఫీసు వెనక గోనెసంచులు పడేసే గదిని ఖాళీ చేయించి, కిటికీకి ప్లాస్టిక్ పట్ట కొట్టించి, సందులన్నిటికీ టేపు అంటించి, అందులో సర్వర్ పెట్టించింది. తలుపు మీద ‘చెప్పులు బయట, నీళ్ళు బయట’ అని తన చేత్తోనే రాసి అతికించింది. సర్వరంటే మరేం లేదు, ఆ ఫ్యాక్టరీకి తలకాయ. కాటా మీద లారీ తూకం వేసినా, బిల్లు కొట్టినా, దారిలో చూపించాల్సిన పర్మిట్ కాగితం తీసినా అన్నీ ఆ పెట్టెలోంచే రావాలి. అది ఆగితే లారీ గేటు దాటదు.

ఈ ఉద్యోగానికి ఒక శాపం ఉంది. అన్నీ సజావుగా నడిచినంత కాలం ఈ మనిషికి జీతమెందుకు ఇస్తున్నారో ఎవరికీ అంతుబట్టదు. ఆగిన మరుక్షణం ఆమె ఫోన్ నంబరు కాటా గుమాస్తా నుంచి లారీ క్లీనర్ దాకా అందరికీ నోటికొస్తుంది. ప్రింటర్లో కాగితం అయిపోయినా నఫీసానే, మౌసు కింద అగ్గిపెట్టె పడినా నఫీసానే. నాలుగేళ్ళుగా ఆమె అన్నం ముద్దకూ ముద్దకూ మధ్య ఫోన్ ఎత్తుతూనే ఉంది.

ఆ మే నెలలో ఆమె వట్టి మనిషి కూడా కాదు. ఏడో నెల. తెల్లారకముందే కర్నూలులో బస్సెక్కి, గతుకుల్లో పొట్ట పట్టుకుని వచ్చి, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. భర్త యూసుఫ్ మందుల షాపులో పని ముగించుకుని వచ్చి, ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వత్తేవాడు. వేలు పెడితే గుంట పడేంతగా వాచి ఉండేవి. బిడ్డ పుట్టాక ఈ రానూపోనూ ప్రయాణం అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. కర్నూలులో ఈ కంపెనీకే ఒక షోరూమ్ ఉంది. అక్కడికి బదిలీ అయితే ఉద్యోగం ఉంటుంది, లేకుంటే ఊడుతుంది. అంతకు మించి దారి లేదు.

కంపెనీ చూసుకునే అవినాష్ చెడ్డవాడేం కాదు. నాన్న చేతుల్లోంచి ఫ్యాక్టరీ తీసుకున్నప్పటి నుంచి అతనికీ సరిగ్గా నిద్ర లేదు. బదిలీ కాగితం టైపు చేయించి సొరుగులో పెట్టానన్నాడు. నెలాఖరు దాకా సిస్టమ్ ఒక్కసారి కూడా ఆగకుండా నడిపించమన్నాడు. అలా నడిస్తే, దగ్గర మనిషి లేకపోయినా ఫర్వాలేదని తనకూ ధైర్యం వస్తుందని, వెంటనే సంతకం పెడతానని మాటిచ్చాడు. నఫీసా సరేనంది. ఆ సాయంత్రమే సర్వర్ గదిలో ఏసీ చచ్చిపోయింది.

మెకానిక్ రేపు వస్తాడన్నారు. ఒకప్పుడు దయ్యాలు రాకుండా తలుపుల మీద ‘రేపు రా’ అని రాసేవాళ్ళు. ఏసీ మెకానిక్కులకు ఆ రాత కూడా అక్కర్లేదు. రోజులు గడిచాయి. బయట రాళ్ళు పేలేంత ఎండ. లోపల కిటికీ మూసిన గది, దాంట్లో వేడి కక్కే మిషన్, దాని పక్కన కడుపుతో ఉన్న మనిషి. తడి తువ్వాలు పాదాల మీద వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, తెర మీద అంకెలు చూస్తూ కూర్చునేది. ఆఫీసు హాలులో కూర్చోవచ్చు కదా అంటే, అక్కడి ఫ్యాన్ కింద కూడా వడగాలే. పైగా మిషన్ వేడి ఎప్పుడు హద్దు దాటుతుందోనని ఆమెకు బెంగ.

ఇది చూసి ఓర్చుకోలేకపోయినవాడు గేటు కాపలా ఉండే చిన్న ఈరన్న. అరవై దాటినా అన్న పెద్ద ఈరన్న బతికున్నంత వరకూ ఈయన చిన్న ఈరన్నే. బండలు మోసి మోసి నడుము వంగాక గేటు దగ్గర కూర్చోబెట్టారు. నఫీసా ఆయన్ని చిన్నాయనా అంటుంది, ఆయన ఆమెను పాపా అంటాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె అన్నం తిని వచ్చేసరికి, బేరగాళ్ళు దిగే గదిలోని పెద్ద కూలర్ సర్వర్ గదిలోకి వచ్చి ఉంది. కూలర్ వీపు బయటి గాలి పీల్చాలి గనక ఈరన్న కిటికీ పట్ట విప్పేశాడు, టేపులు ఊడబీకాడు, బోరు నీళ్ళు కడవలతో తెచ్చి నింపాడు. గదినిండా తడి గడ్డి వాసన.

“కూచో పాపా. ఒట్టి మనిషివి కావు,” అన్నాడు.

వద్దని చెప్పాలి. తలుపు మీద తను రాసిన అక్షరాలు ఆమె వీపు వెనకే ఉన్నాయి. తడిగాలి మిషన్‌కు పడదు, తెరిచిన కిటికీ అసలే పడదు. ఇవన్నీ నఫీసాకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియవు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు మొదటి గాలి వచ్చి మెడకు తగిలింది. ఎన్నాళ్ళకో ఒంటికి తగిలిన చల్లదనం అది. కడుపులో బిడ్డ కదిలింది. ఆమె కుర్చీలో కూలబడి, ఈ ఒక్కరోజుకే అనుకుంది.

ఒక్కరోజు వారమైంది.

ఆ తర్వాత సర్వర్ దానంతటదే ఆరిపోయి, దానంతటదే లేవడం మొదలుపెట్టింది. మొదటిసారి నఫీసా కరెంటు మీద అనుమానపడింది. బ్యాటరీలు చూసింది, బాగానే ఉన్నాయి. రెండోసారి కాటా నుంచి వచ్చే కేబుల్ మార్చింది. ఎలకలు కొరికాయేమోనని గోడ వెంట వైరు పట్టుకుని, వంగలేక వంగి, ఆ చివర దాకా పోయి చూసింది. ఎక్కడా లోపం లేదు. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ నడిచేది. సంగతి అవినాష్ దాకా పోకుండా కాటా గుమాస్తాను బతిమాలుకుంది. అన్నీ వెతికింది గానీ పెట్టె మూత విప్పి లోపల చూడలేదు. తెలిసి చూడలేదా, తోచక చూడలేదా అంటే ఆమె దగ్గర కూడా జవాబు లేదు. అలసట మనిషి చేత చాలా పనులు వాయిదా వేయిస్తుంది, ముఖ్యంగా జవాబు తెలిసిన పనుల్ని.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం ఆరిపోయింది. ఈసారి లేవలేదు.

లారీలు రైల్వే స్టేషన్ మలుపు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు తువ్వాళ్ళు తలకు చుట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి, మద్రాసు పోవాలనీ, లోడు దించాల్సిన టైము దాటుతోందనీ ఒకరి తర్వాత ఒకరు మొరపెట్టుకున్నారు. నఫీసా నేల మీద చాప వేయించుకుని, చేయి ఊతంగా మెల్లగా కూర్చుని మూత విప్పింది.

లోపలంతా గచ్చు. ఫ్యాన్ రెక్కల మీద, వేడి పీల్చే రేకుల సందుల్లో, బోర్డు మీద తెల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. కిటికీలోంచి వచ్చింది సున్నపురాయి పొడి, కూలర్‌లోంచి వచ్చింది తడి. రెండూ కలిస్తే ఏమవుతుందో బేతంచెర్ల మేస్త్రీలను అడగక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొనతో గీరితే గోడకు కొట్టిన సున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. వెనకాల కూలర్ ఇంకా చల్లగా వీస్తూనే ఉంది. ఆమె చేయి చాచి దాని స్విచ్ ఆపేసింది.

ఇక ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. పాడవుతుందన్న భయంతో ఆమె రోజూ లెక్కలన్నిటికీ ఒక నకలు తీసి, పాత కంప్యూటర్‌లో దాచేది. ఆ పాతదాన్ని హాలులోంచి మోయించుకొచ్చి, కాటాకు, బిల్లులకు, పర్మిట్లకు మళ్ళీ దారులు కలిపింది. నడుము విరిగిపోతోంది. పొద్దు వాలేవేళకు మొదటి పర్మిట్ కాగితం వచ్చింది. మొదటి లారీ కదిలింది. డ్రైవర్లలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తారని ఆమె అనుకోనూ లేదు.

లారీలు పోవడం మొదలయ్యాక అవినాష్ గదిలోకి వచ్చాడు. నేల మీది తెల్లటి పెళ్ళలు చూశాడు, విప్పిన కిటికీ చూశాడు, కూలర్ చూశాడు. చదువుకున్నవాడే, విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఇది ఈడికి ఎవరు తెచ్చినారని అడిగాడు.

వాకిట్లో నిలబడిన ఈరన్న ముందుకొచ్చాడు. “నేనే సారూ. మిషన్ ఉడికిపోతాండాదని పెట్టినా. దానికి చల్లగుంటాదనుకుంటి.”

మిషన్ కోసమేనట. నఫీసా పేరు ఆ ముసలాయన నోట రాలేదు. ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అవినాష్ కేకలు వేయలేదు. మధ్యాహ్నం నుంచీ ఫోన్లలో కేకలు విని విని అతనికి ఓపిక లేదు. రేపటి నుంచి పనిలోకి రావద్దని మాత్రం ఈరన్నతో చెప్పాడు. ఈరన్న భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఆ వయసులో, ఆ వంగిన నడుముకు, ఇంకో గేటు ఎవరూ ఇవ్వరని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

నఫీసా చేయాల్సిందల్లా ఊరకే ఉండటం. నోరు మెదపకపోతే చాలు, తప్పు కూలర్‌తో పాటు బయటికి పోతుంది. కాగితం సొరుగులో ఉంది. పైగా ఒక్క పూటలో ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషిగా ఇంకాస్త మంచి పేరు కూడా మిగులుతుంది. యూసుఫ్ గుర్తొచ్చాడు. తెల్లవారుజాము బస్సు గుర్తొచ్చింది. ఊరకుందామనే అనుకుంది, అది అబద్ధం చెప్పి దాచడమెందుకు. ఈరన్న గడప దాటి ఒక కాలు బయట పెట్టాడు.

“సార్, పెట్టింది ఆయప్పే. ఉంచుకున్నది నేను.”

అవినాష్ తిరిగాడు.

“చిన్నాయనకు తెలీదు సార్. నాకు తెల్సు. తెలిసీ వారం పైనుంచి ఈ గాలికే కూచున్నా. ఆ తలుపు మీద రాసింది కూడా నేనే.”

అవినాష్ ఆమె ముఖం చూశాడు, పొట్ట వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఏసీ సంగతి తను ఎన్నిసార్లు రేపన్నాడో అతనికి కూడా గుర్తొచ్చి ఉండాలి. ఈరన్నను పోయి గేటు చూసుకోమన్నాడు, ఆడ ఎవరూ లేరని. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టి, బదిలీ సంగతి చూద్దాం మేడం అన్నాడు. మా సీమలో ‘చూద్దాం’ అంటే ఏమిటో పాలు మరిచిన పిల్లలకు కూడా తెలుసు.

ఆ రాత్రి యూసుఫ్‌కు జరిగిందంతా చెప్పింది. అతను కోప్పడలేదు. ఆమె కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని, సిస్టమ్ బాగయిందా అని అడిగాడు. అయిందంది. అప్పుడు ఏడ్చింది. అది ఈరన్న కోసం కాదు, తన కోసమే.

మర్నాడు ఆమె పోయేసరికి ఇద్దరు మెకానిక్కులు నిచ్చెన వేసుకుని కొత్త ఏసీ బిగిస్తున్నారు. ఇన్నాళ్ళూ రాని రేపు, మిషన్‌కు జబ్బు చేసిన మర్నాటికే వచ్చింది. కిటికీకి ఈసారి బండతోనే అడ్డం కట్టేశారు. కొత్త సర్వర్ కర్నూలు నుంచి బయల్దేరిందన్నారు. ఆ కబురుతోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట సర్వర్ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి, చలి వృథా కాకూడదు, పని ఉన్నప్పుడు తప్ప లోపల ఎవరూ కూర్చోకూడదు. నఫీసా మేడం బల్ల హాలులోకి మార్చాలి.

బల్ల మార్చమని చెప్పింది ఈరన్నకే. ఆయన ఒక్కడే ఈడ్చుకొచ్చాడు. హాలులో ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరుగుతోంది. నఫీసా గోడవారన నిలబడి చూస్తోంది.

“యాల చెప్పినావు పాపా?” అన్నాడు ఈరన్న, ఆమె వైపు చూడకుండా. “నాదేముండాది, అయిపోయిన మనిషిని. నీకు ముందర శానా ఉండాది.”

ఆమె ముందుకొచ్చి, బల్ల మీంచి జారుతున్న కాగితాలు పట్టుకుంది.

గుమాస్తా ఫ్యాన్ కింద చోటు చూపించాడు. ఈరన్న వినిపించుకోలేదు. బల్లను దాటించి, తోసి, సర్వర్ గదికీ హాలుకూ నడుమ నిలబెట్టిన బండగోడ దగ్గరికి చేర్చాడు. ఈ ఊళ్ళో తవ్వి, ఈ ఫ్యాక్టరీలోనే కోసిన బండలు అవి. అరచేయి గోడ మీద ఒకచోట పెట్టాడు, తీశాడు, ఇంకోచోట పెట్టాడు. ఏసీ గాలి అవతల నేరుగా తగిలే చోటు దొరికేదాకా అలా వెతికాడు. దొరికాక కుర్చీ తెచ్చి, సరిగ్గా అక్కడే వీపు వచ్చేట్టు వేశాడు.

“ఈడ చల్లగుండాది. ఆనుకో,” అన్నాడు.

నఫీసా కూర్చుని వీపు ఆనించింది. గోడ అవతల మిషన్ కోసం పెట్టిన చలి, బండలోంచి కొంచెం కొంచెంగా ఇవతలికి వస్తోంది. కాటా దగ్గర్నుంచి ఫోన్ మోగింది. ఆమె కళ్ళు మూసుకుని, దాన్ని కాసేపు మోగనిచ్చి, ఆ చల్లదనం వచ్చినంత తీసుకుంది.