నాంచారమ్మ చెప్పుల వరస

ఊపిరితిత్తులిచ్చే ఆఫీసులో మనుషులు వరసలో నిలబడరు, చెప్పులు నిలబడతాయి. మనిషి బెంచీ మీద కూర్చుంటే చాలు. జబ్బు ముదిరితే చెప్పులు వాటంతటవే ముందుకు నడుస్తాయి, కుదుటపడితే వెనక్కొస్తాయి. మరీ ముదిరితే మెట్లు దిగి ఇంటికెళ్లిపోతాయి. ముందొచ్చానంటే ఇక్కడెవరూ వినరు.

నాంచారమ్మవి పిన్నీసు పెట్టిన నీలం చెప్పులు. గుంటూరు యార్డులో ఇరవై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసి తీసి ఆమె ఊపిరి పిసరంతైపోయింది. కొత్త ఊపిరితిత్తులు దొరక్కపోతే దసరా చూడదు. చావంటే భయమే, లేదని బుకాయించే రకం కాదు. ఇవాళ ఆమె చెప్పులే ముందున్నాయి.

వెనక జత జకరయ్యది. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు, ఊరుకోలేడు.

"అక్కా, ఒకసారి పెళ్లిల్లనుకుని దినం జరిగే ఇంట్లో దూరి డ్యాన్సు పాట ఎత్తుకున్నాం. పోయినాయన బావమరిది లేచి స్టెప్పులేశాడు!"

నాంచారమ్మ పడీపడీ నవ్వుతుంది. నవ్విన మేరకు ఒళ్లు కుదుటపడుతుంది కదా, ఆమె చెప్పులు జకరయ్య చెప్పుల వెనక్కి వచ్చేస్తాయి. సరిగ్గా అప్పుడే ఊపిరితిత్తులు స్టీలు క్యారేజీలో వస్తాయి, పొంగుతూ అణుగుతూ.

గుమాస్తా తాయారమ్మ టేపుతో ఇద్దరి ఛాతీలూ కొలుస్తుంది. ఇద్దరికీ సరిపోతాయి.

"ఆమెకివ్వండమ్మా, నా నోటిదూల వల్లే వెనకబడింది," అంటాడు జకరయ్య.

"చెప్పులు అబద్ధమాడవు నాయనా. ఈ పూట నీకే ఊపిరి తక్కువ."

వీడి నోరు పడిపోను, అనుకుంటుంది నాంచారమ్మ. అయినా అతని భుజం తడుతుంది. "వెళ్లు తమ్ముడూ."

మధ్యాహ్నానికల్లా జకరయ్య కొత్త ఊపిరితో వచ్చి ఆమె పక్కనే కూర్చుంటాడు.

"నీ నవ్వులు నాకియ్యి అక్కా. నీ తరఫున నేను నవ్వి పెడతా."

నవ్వొచ్చినప్పుడల్లా ఆమె దాన్ని అతని గుప్పిట్లో పెడుతుంది, అతను నవ్వుతాడు. ఆమె చెప్పులు ముందుకు జరుగుతాయి. అవి మెట్ల వైపు చూస్తే మాత్రం అతను ఒక నవ్వును మాత్రలాగా ఆమె నోట్లో వేస్తాడు.

తొమ్మిదో రోజు నీలం చెప్పులు వరస ముందున్న తలుపు తడతాయి. లోపల గది లేదు. ఆకాశం అంచుదాకా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వేలమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు, ఒక్కరూ దగ్గడం లేదు. మధ్యలో దండెం మీద ఒక జత ఊపిరితిత్తులు గాలికి నిండుతూ ఆమె నవ్వే నవ్వుతున్నాయి.

"కొలత నీదే," అంటుంది తాయారమ్మ.

నాంచారమ్మ చెప్పులు గుమ్మంలోనే వదిలి, ఒట్టికాళ్లతో మిరపకాయల మీద దండెం వైపు నడుస్తుంది.