బేరి చెట్టు మీంచి పడ్డ మనిషి

గోట్‌హిల్ఫ్ తన తోటలో బేరి చెట్టు మీంచి పడ్డాడన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఊరంతా నమ్మింది కూడా. ఆల్బ్ కొండల మీద సెప్టెంబరు వచ్చిందంటే ఎవరో ఒకరు ఏదో ఒక చెట్టు మీంచి పడుతూనే ఉంటారు. నమ్మనివాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన భార్య హెర్టా. వాళ్ల బేరికాయలన్నీ అంతకు ముందు వారమే కోయించి, గానుగాడించి, రసం పీపాల్లో పోయించింది ఆవిడే. కాయలేని చెట్టెక్కి ఈ మనిషి ఏం కోస్తున్నాడో ఆవిడకు అంతుపట్టలేదు. రెండో మనిషి అదే వీధి అమ్మాయి రీకె. ఆయన పడింది చెట్టు మీంచి కాదు, రీకె కట్టుకుంటున్న కొత్త ఇంటి పరంజా మీంచి. పడుతుంటే కళ్లారా చూసింది.

ఆ ఇంటికి సాయం వచ్చిన మిగతావాళ్లంతా రొట్టె తినడానికి వెళ్లారు. ఈ వరస ఒక్కటీ పూర్తి చేసి తన తోటకు పోతానని ఆయన ఆగాడు. ఇటుక అందుకుని వెనక్కి అడుగు వేశాడు. అక్కడ పరంజా పలక లేదు. నిట్టనిలువుగా కంకర మీద పడ్డాడు. రీకె ఎలాగో కార్లో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోతుంటే, పళ్లు బిగబట్టి ఆయన అన్న మొదటి మాట:

"బేరి చెట్టు. అర్థమైందా అమ్మాయ్? నేను బేరి చెట్టు మీంచి పడ్డాను. నువ్వు అటుగా పోతూ చూశావు."

ఎందుకలా అన్నాడో రీకెకి తెలుసు. తెలుసు కాబట్టే నోరు మూసుకుంది.

ఇల్లు మొదలుపెట్టిన కొత్తలో ప్రమాద బీమా వాళ్ల కాగితం వచ్చింది. ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ వచ్చేదే. డబ్బు తీసుకోకుండా సాయానికి వచ్చేవాళ్లు ఎవరెవరో రాయమని అందులో అడుగుతారు. రీకె కలం పట్టుకుని గోట్‌హిల్ఫ్ పూర్తి పేరు అడిగేసరికి ఆయనకు ముక్కు మీదకు వచ్చింది కోపం.

"నేనేమన్నా కూలికొచ్చానా? మా ఇంటికి మీ నాన్న సిమెంటు కలిపాడు. మీ నాన్న కొట్టానికి నేను కప్పు వేశాను. ఏ సర్కారు కాగితంలో రాసుకున్నాం? నా పేరు ఎక్కించావంటే మళ్లీ నీ గుమ్మం తొక్కను!"

ఆ వీధి తీరే అంత. పక్కింటివాడు కట్టిన గోడ ఒక్కటైనా లేని ఇల్లు అక్కడ లేదు. పైగా రాసిన ప్రతి పేరుకీ బీమా సొమ్ము కట్టాలి. ఆ కొండల శ్వాబియా వాళ్లు పైసా తీయడానికి వెనకాడతారని పేరు; వాళ్లకు ఇలాంటి సమయంలో పెద్దల మాట వినడం భలే సులువు. "సాయానికి ఎవరూ లేరు" అని రాసి రీకె సంతకం పెట్టేసింది. ఆమె భర్త ఫాల్క్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడు. ఊళ్లో అందరికీ ఉత్తరాది అల్లుడు. "ప్రతి శనివారం ఇంతమంది వస్తుంటే ఎవరూ లేరంటావేంటి?" అన్నాడు. ఉత్తరాది వాళ్లకు ఇవన్నీ అర్థం కావులే అని అతని నోరు మూయించింది.

ఆయన పడ్డ మర్నాడు రీకె ప్లమ్ పళ్ల కేకు చేసి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మంచం పక్కన హెర్టా ఆయన్ని దులిపేస్తోంది.

"కాయలు లేవని తెలీదా నీకు? నువ్వేగా బుట్టలు మోసింది!"

"మర్చిపోయాను."

"వారంలో మర్చిపోయావా?"

డాక్టరు కూడా ఊరుకోలేదట. ప్యాంటు మీద మరకలు చూసి, "మీ చెట్టుకి సిమెంటు కూడా కాస్తుందా?" అని అడిగాడట. "మాది మంచి జాతి చెట్టండీ" అన్నాడట ఈయన. ఆ మాట చెబుతూ గోట్‌హిల్ఫ్ నవ్వబోయాడు. నొప్పికి మొహం అటు తిప్పుకున్నాడు.

హెర్టా రీకెని నడవాలోకి తీసుకొచ్చింది. వెనక తలుపు మూసింది.

"కుడి మడమ ఎముక ముక్కలైపోయిందే. అతికిస్తారట. కానీ ఆ తర్వాత పాదం కదిలించడం నేర్పాలట. పనిలో పడ్డవాళ్లకైతే అందుకు వేరే ఆసుపత్రి ఉందట. నడక వచ్చేదాకా ఉంచుకుంటారట. చెట్టు మీంచి పడ్డవాళ్లకి నాలుగు రోజులు నేర్పి పంపించేస్తారు. ఆ కాలితోనే కదా ఆయన బ్రేకు తొక్కాలి?"

గోట్‌హిల్ఫ్ బడి బస్సు నడుపుతాడు. రీకెని కూడా చిన్నప్పుడు బడికి తీసుకెళ్లింది ఆయనే. మంచు పడిన ఘాట్ దారిలో పిల్లలు పాటలు పాడుతుంటే, ఆ కాలిని నమ్ముకునే అందరూ కొండ దిగేవారు.

"ఇంకో సంగతి, ఎవరితోనూ అనకు" అంది హెర్టా. "ఈయన నాన్నకి ఇలాగే మతి పోయింది. ముందు చిన్నవి మర్చిపోయేవాడు. ఈయనకీ మొదలైందేమో."

రీకెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. తెచ్చిన కేకు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో ఫాల్క్‌తో చెప్పింది. కప్పు లేని ఆ గోడల మధ్య ఇద్దరూ సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు.

"చెప్తే మనమే ఖర్చంతా పెట్టుకోమంటారేమో. ఆపరేషను, ఆసుపత్రి, ఆయన జీతం. ఇల్లు అమ్ముకోవాల్సిందే" అంది రీకె.

"చెప్పకపోతే?"

"గోట్‌హిల్ఫ్ బాబాయ్ కాలు పోతుంది."

ఫాల్క్ లేచి గోడ మీద చెయ్యి వేశాడు. గోట్‌హిల్ఫ్ కట్టిన గోడ అది.

"ఆయన్ని కుంటివాణ్ని చేసి ఈ ఇంట్లో ఎలా పడుకుంటాం? రేపు బీమా వాళ్ల దగ్గరికి పోదాం."

మర్నాడు బీమా కార్యాలయంలో క్నోడ్లర్ అనే ఆవిడ వాళ్లను కూర్చోబెట్టింది. రీకె మొదలుపెట్టాక మధ్యలో ఆగితే మళ్లీ ధైర్యం రాదని, కాగితంలో రాసిన అబద్ధం, పలక లేని పరంజా, బేరి చెట్టు, అన్నీ ఒక్క ఊపున చెప్పేసింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎన్నాళ్ల నుంచీ వస్తున్నాడాయన?"

"వసంతం నుంచీ. ప్రతి శనివారం."

"ఒక పూట వచ్చి నిచ్చెన పట్టుకుంటే ఇరుగుపొరుగు సాయం అనుకుందుం. ఇన్నాళ్లు గోడలు కడితే అది పనేనమ్మా. పని చేశాడు కాబట్టి ఆయనకి బీమా ఉన్నట్టే."

"నేను పేరు రాయలేదండీ."

"మీరు రాయకపోతే తప్పు మీది. ఆయన కాలిది కాదు కదా?"

రీకెకి ఆ మాట వెంటనే ఎక్కలేదు. మళ్లీ చెప్పించుకుంది. సాయానికి వచ్చినవాడు పని మొదలెట్టిన క్షణం నుంచీ బీమా కిందే ఉంటాడు, ఇంటివాళ్లు పేరు దాచినా సరే. ఇంటివాళ్లు ఎగ్గొట్టిన సొమ్ము కట్టాలి, జరిమానా కట్టాలి, ఇదిగో ఇలా చివాట్లూ తినాలి. క్నోడ్లర్ ఆ చివాట్లేవో ఆ పూటే పెట్టేసింది, చాలా బాగా పెట్టింది.

"మరి మా ఇల్లు?"

"ఇల్లు ఎక్కడికి పోతుంది? కట్టుకోండి. ఈసారి పలకలు సరిగ్గా వేసుకోండి. ఇంకో మాట. సాయం చేసేవాళ్లకి బీమా ఉంది గానీ మీ ఇద్దరికీ లేదు, మీరు ఇంటివాళ్లు. కావాలంటే విడిగా సొమ్ము కట్టి చేరొచ్చు. చేరతారా?"

"ఆలోచించుకుని చెప్తాం" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఫాల్క్ కూడా ఈపాటికి శ్వాబియా వాడైపోయాడు.

మెట్లు దిగుతూ రీకె ఏడ్చింది. గుండెల మీది బండ దిగిపోయాక వచ్చే ఏడుపు అది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆసుపత్రిలో గోట్‌హిల్ఫ్ మాత్రం మండిపడ్డాడు. "చెప్పేశావా? నేనింత కష్టపడి అబద్ధమాడితే!" హెర్టా ఒకసారి రీకెని, ఒకసారి మొగుణ్ని చూసింది. రీకె తిట్లకు సిద్ధపడి నిలబడింది.

"అయితే నువ్వు చెట్టెక్కలేదా?" అంది హెర్టా.

"లేదు."

"కాయలు కోసేశామని గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? నడుం విరిగింది మోయలేక."

"హమ్మయ్య! మతి పోలేదన్నమాట!" అని ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూలబడి, ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "దరిద్రుడా, ఎంత భయపెట్టావు!" ఆ తర్వాత తిట్లలో రీకె వాటా రీకెకీ అందింది. కడుపు నిండా తింది.

చలికాలమంతా గోట్‌హిల్ఫ్ ఆ వేరే ఆసుపత్రిలో ఉండి పాదం తిప్పడం నేర్చుకున్నాడు. మంచు కరిగాక ఇంటికి కప్పు దూలాలు లేచాయి. దూలాలు లేచిన రోజు అక్కడ చేసే పండగకి వీధి వీధంతా వచ్చింది, ఈసారి అందరి పేర్లూ బీమా వాళ్ల దగ్గర ఉన్నాయి. వడ్రంగి పెద్ద దూలం మీద నిలబడి, ఇంటికి మంచి జరగాలని పాడి, ద్రాక్షసారా తాగి, గ్లాసు కిందికి విసిరాడు. భళ్లున పగిలింది, అంటే ఇంటికి శుభమే. అందరూ చప్పట్లు కొట్టారు. కప్పు కొనకు ఆనవాయితీగా కట్టిన చిన్న దేవదారు కొమ్మ మీది రంగు పట్టీ ఒకటి ఊడి గాలికి వేలాడుతోంది. సంబరం పట్టలేక రీకె ఆ పట్టీ కట్టడానికి నిచ్చెన ఎక్కేసింది.

"అమ్మాయ్!" కింద గోట్‌హిల్ఫ్. చేతికర్రతో వచ్చి నిలబడ్డాడు. "నా పేరు రాయించావు. వీధిలో అందరి పేర్లూ రాయించావు. నీ పేరు రాయించుకున్నావా?"

రీకె మెట్టు మీద ఆగిపోయింది.

"ఇంకా లేదు బాబాయ్. ఆలోచిస్తున్నాం."

"అయితే దిగు! ఇంతమందిలో పడకూడనిది నువ్వొక్కదానివే. దిగి ఆలోచించు!"

అందరూ గొల్లున నవ్వారు. సోమవారమే రాయిస్తానని రీకె ఒట్టు పెట్టుకుని దిగసాగింది. నిచ్చెన కాస్త ఊగింది, వెంటనే గట్టిగా నిలిచింది. కిందికి చూసింది. గోట్‌హిల్ఫ్ చేతికర్ర హెర్టాకిచ్చేసి, అడుగు మెట్టు మీద కాలు మోపి నొక్కి పట్టాడు. కుడికాలు.