సున్నం వేయని రాయి

మా గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. మనిషిని పూడ్చాక ఏడాది తిరిగి, చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసేదాకా తలాపున పెట్టిన రాయికి సున్నం వేయం. సున్నం వేశాక ఆ రాయిని ఎవరూ ముట్టరు. వేయనిది మామూలు రాయే.

నా భార్య జయకుమారి తలాపున పెట్టింది వాగు రాయి. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. నల్లగా, నున్నగా, అడ్డంగా ఒక తెల్లచారతో. బట్టలు ఉతకను వెళ్ళినప్పుడల్లా దానిమీద మడమలు రుద్దుకునేది. "జంధ్యమేసుకుని మన రేవులో కూర్చుంది చూడు, పాపం" అని నవ్వేది. తడిస్తే ఆ చార మెరిసేది.

మొన్న వానల్లో వాగు పొంగి సమాధుల దొడ్డి మీదుగా పోయింది. నల్లరేగడి కదా, కొత్త దిబ్బలన్నీ కరిగి చదునైపోయాయి. రాయి ఉంది కాబట్టి ఆమె ఎక్కడుందో తెలిసేది. ఏడాది దగ్గరపడిందని గడ్డి పీకను వెళితే రాయి లేదు. ట్రాక్టరు చక్రాల జాడ ఉంది.

తర్వాత సుబ్బరావమ్మగారి కల్లంలో మిరప తాలుకాయలు ఏరను వెళ్ళి, మంచినీళ్ళ కోసం వాళ్ళ పెరట్లోకి పోయాను. ఆవిడ కోడలు భవ్య అక్కడ తోట పెంచుతోంది. గులకరాళ్ళు పరిచి, కుండీల్లో మరుగుజ్జు చెట్లు పెట్టింది. బోన్సాయ్ అంటారట. మధ్యలో వెడల్పాటి పళ్ళెంలో జయకుమారి రాయి. దానిమీద జానెడు రావిచెట్టును కూర్చోబెట్టి, వేళ్ళు రాయి చుట్టూ పరిచి పురికొసతో కట్టింది.

అందంగానే ఉంది. అదే నాకు మండింది.

"బాగుందా తాతా?" అంది భవ్య. "మా ఆయన వాగు ఒడ్డున ఏరించుకొచ్చారు. ఈ చార చూడు. ఎన్నేళ్ళు నీళ్ళలో అరిగితే ఇంత నునుపొచ్చిందో."

"అది మా ఆడమనిషి సమాధి రాయమ్మా."

ఆ పిల్ల వంగి రాయిని అన్ని వైపులా చూసింది.

"సమాధి రాయైతే సున్నం ఉండాలిగా? మీవాళ్ళవన్నీ తెల్లగా ఉంటాయి."

"ఏడాది నిండలా. ఆదివారం నిండుద్ది."

"ఇప్పుడు కదిపితే చెట్టు చచ్చిపోతుంది తాతా. పేరు చెక్కించి మంచి గ్రానైటు రాయి ఇప్పిస్తాను. అత్తయ్యకు మాత్రం చెప్పొద్దు."

"నా రాయి నాకియ్యమ్మా. అది లేకపోతే చోటు తెలవదు."

"గ్రానైటైతే ఇంకా బాగుంటుంది" అని పైపు తీసుకుని చెట్టుకు నీళ్ళు పట్టింది. చార మెరిసింది.

ఆదివారం పొద్దున్నే సున్నం బక్కెట్టు, కుంచె పట్టుకుని ఆ పెరట్లోకి వెళ్ళాను. గోడలకేమో అనుకుని ఎవరూ అడగలేదు. ప్రార్థన ఇంకా కాలేదు, అయినా వేళ్ళ సందుల్లో కూడా సున్నం పట్టించాను. ముందుగా కనబడకుండా పోయింది ఆ చారే.

సుబ్బరావమ్మగారు వచ్చి చూసింది.

"ఇదేందిరా ఇమ్మానియేలూ?"

"జయకుమారి సమాధి రాయండి."

ఆవిడ వెనక్కి జరిగింది. "ఏమే భవ్యా, సమాధి రాయి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావా? నువ్వు ముందు దాన్ని అవతలికి తీసుకుపోరా. చెట్టుతో సహా తీసుకుపో. పెరడంతా కడిగించాలి."

భవ్య ఏడ్చింది, చెట్టు కోసం. నేను గోనెసంచిలో చుట్టి, భుజాన వేసుకుని వచ్చేశాను.

సమాధుల దొడ్డిలో అయ్యగారూ మావాళ్ళూ అప్పటికే వచ్చి ఉన్నారు.

"ఎక్కడ ఇమ్మానియేలూ?" అన్నారు అయ్యగారు.

అక్కడికొస్తే తెలుస్తుందనుకున్నాను. ఎటు చూసినా ఒకే ఎత్తు గడ్డి.

"తుమ్మకంపకు ఇటేగా మామా?" అన్నాడు మా మేనల్లుడు కరుణాకర్.

"ఇటు కాదురా, అటు. నేనుండి పూడ్పించా" అంది వాళ్ళమ్మ.

అందరూ నా మొహం చూశారు. భుజం లాగేస్తోంది. నిలబడ్డచోటే రాయి దించాను.

"ఇక్కడే" అన్నాను.

అయ్యగారు ప్రార్థన చేశారు. రావిచెట్టు ఆకులు అప్పటికే వేలాడిపోయాయి. అందరూ పూలు వేశారు. నేనూ వేశాను.