మేకులు కొట్టిన కిటికీలు

కుట్టు షెడ్డులో కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. అక్కడ కుట్టేది బడిపిల్లల తెల్లచొక్కాలు. రోడ్డు మీది దుమ్ము పడి గుడ్డ మాసిందంటే ఆ చొక్కా ఖరీదు కుట్టినవాళ్ల కూలిలోంచి కోసేవారు. అందుకే కిటికీలు మూయించిన ఓనరును ఎవరూ తిట్టుకోలేదు. పైగా ఎక్కడైనా మేకు వదులైతే ఆడవాళ్లే కత్తెర పిడితో కొట్టి బిగించేవారు.

ఆ షెడ్డులో వదినా మరదలూ పక్కపక్క మిషన్ల మీద పనిచేసేవారు. మరదలి గొంతు అన్ని మిషన్ల రొదనూ దాటి గేటుదాకా వినబడేది కాబట్టి అందరూ ఆమెను సైరన్ అనేవారు. వదిన నోట్లో నాలుక లేని మనిషి. ఆమె దగ్గు కూడా అలాగే ఉండేది. గుడ్డపీలిక నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా దగ్గేది.

ఒకరోజు ఆ పీలిక మీద ఎర్రటి మరక సైరన్ కంటబడింది.

"వేలికి సూది గుచ్చుకుందిలే," అంది వదిన.

"వేలు నోట్లో పెట్టుకుని కుడుతున్నావా?" అంటూ సైరన్ ఆమెను రెక్క పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి లాక్కెళ్లింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ క్షయ అని తేల్చింది. మందులకు డబ్బు కట్టక్కర్లేదంది. "కానీ కొన్నాళ్లు పని మానెయ్యాలి. గాలి ఆడే గదిలో విడిగా పడుకోవాలి. పాలు, గుడ్లు, పప్పు బాగా తినాలి. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు."

"మాత్రలిచ్చారు, సంతోషం," అంది సైరన్. "మరి గది ఎవరిస్తారు డాక్టరమ్మా? గుడ్లెవరిస్తారు? ఉన్న ఒక్క గదిలో మేమంతా కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నాం."

డాక్టరమ్మ కలం బల్ల మీద విసిరికొట్టింది. "నా చేతిలో ఉన్నవి మాత్రలేనమ్మా. మిగతావి కూడా ఉంటే బయట ఆ వరండా రోగులతో అలా కిటకిటలాడుతుందా?" అంది.

ఇంటికొచ్చాక పని మానెయ్యమని సైరన్ పోరుపెట్టింది. సైరన్ అన్న మూటలు మోసేవాడు. పని దొరికిన రోజే కూలి. "నేనింకో పూట మోస్తాలే," అన్నాడు.

"నీ నడుం కూడా విరిగితే ఇద్దరం ఒకేచోట పడుకోవచ్చు," అంది వదిన నవ్వుతూ. మరుక్షణమే ఆ నవ్వు పోయింది. "నా స్టూలు ఖాళీ అయితే మర్నాడే ఇంకొకతె కూర్చుంటుంది. గేటు బయట పనికోసం నిలబడ్డవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాంగా?"

అలా పనికి పోతూనే ఉంది. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది, ఖాళీ కడుపైతే మరీనూ. కక్కుకోవడానికి లేచి వెళ్తే మేస్త్రి ముఖం మాడ్చుకునేవాడు. అందుకని ఆర్డరు తొందరగా ఉన్న రోజుల్లో ఆమె మాత్రలు మింగకుండా సంచిలో దాచేసేది. ఇది సైరన్‌కు తెలిసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

వదిన వెనక మిషను మీద కుట్టే పెద్దావిడను అందరూ పిన్ని అని పిలిచేవారు. వానలు మొదలయ్యేసరికి పిన్నికీ దగ్గు పట్టుకుంది. ఆసుపత్రిలో ఆమెకూ అదే జబ్బని చెప్పారు. మర్నాడు షెడ్డులోకి వస్తూనే ఆమె వదిన మీద విరుచుకుపడింది.

"నా కొంప ముంచావు కదే! తెలిసి తెలిసి నాకంటించావు!"

మిషన్లన్నీ ఆగాయి. నిన్నటిదాకా వదినతో కలిసి తిన్నవాళ్లు స్టూళ్లు దూరంగా జరుపుకున్నారు. మేస్త్రి వచ్చి ఆమె స్టూలు ఎత్తి గుమ్మం బయట పెట్టాడు. "జబ్బు తగ్గాక రామ్మా," అన్నాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపుతున్నట్టు. వదిన ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. నిలబడే, మిషను మీదున్న చొక్కా చేతికి కుట్టు పూర్తిచేసి, దారం తెంపి వెళ్లిపోయింది.

సైరన్‌కు ఒళ్లు మండిపోయింది. కత్తెర తీసుకుని కిటికీ మేకులు పెకలించసాగింది.

"దుమ్ము పడుతుందే! మా కూలి నువ్విస్తావా?" అని ఎవరో అరిచారు.

"చొక్కాకు మరకంటితే మన కూలి కోస్తారు. మన ఊపిరితిత్తులకు చిల్లు పడితే ఎవరి కూలి కొయ్యాలే? అడగండి! మా వదిన మీద పడ్డారుగా, ఆ నోళ్లతోనే ఓనరును అడగండి! గాలి దూరని కొట్టంలో మనందర్నీ కుక్కిందెవరు పిన్నీ? మా వదినా?"

కిటికీ తలుపు తెరుచుకుని తడిగాలి రివ్వున కొట్టగానే, అందరికంటే ముందు తన స్టూలు అటు జరుపుకున్నది పిన్నే.

ఆర్డరు ఆగకూడదని ఓనరు ఆ పూటకి ఊరుకున్నాడు. సరుకు లారీ కదలగానే సైరన్‌ను రావద్దన్నాడు. ఆమె ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

వదినకు పాత మాత్రలు పనిచెయ్యడం మానేశాయి. కొత్తవి మొదలుపెట్టారు గానీ అప్పటికే మనిషి పుల్లలా అయిపోయింది. చలికాలం రాకముందే ఆసుపత్రి మంచం మీద, అన్న చెయ్యి పట్టుకుని, కన్నుమూసింది.

తర్వాత వీధిలో అందరికీ పరీక్షలు చెయ్యడానికి ఆరోగ్యశాఖ అధికారి వచ్చాడు. చుట్టూ చేరినవాళ్లతో, "మందులు సరిగ్గా వాడకపోతే ఇదిగో ఇలాగే అవుతుంది. అంతా నిర్లక్ష్యం," అన్నాడు.

"ఎవరిది?" అంటూ సైరన్ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది. "తిండి లేని కడుపులో మాత్ర నిలవలేదయ్యా. లేచెళ్లి కక్కుకుంటే పని పోతుందని మింగలేదు. దానికి నిర్లక్ష్యమని పేరు పెట్టావా? నువ్వు జ్వరమొస్తే సెలవు పెడతావు, జీతం తీసుకుంటావు. మా వదినకు ఆ సెలవే ఉంటే బతికేది!"

అధికారి ఏదో సర్దిచెప్పబోయాడు. సైరన్ వినలేదు.

కొన్ని నెలలకు పిన్ని సైరన్ వాళ్లింటికి వచ్చింది. ముఖం తేటపడింది, దగ్గు లేదు. "మనవాళ్లు వంతులేసుకుని నా మిషను మీద కుట్టారే. నా చోటు పోనివ్వలేదు. ఇంట్లో పడుకుని ఒక్క మాత్ర కూడా మానకుండా మింగాను," అంది.

సైరన్ ఆమెను కూర్చోమనలేదు. "మా వదినకెందుకు కుట్టలేదు పిన్నీ?"

పిన్ని తల దించుకుంది. "తోచలేదే."

"తోచలేదా?"

"భయపడ్డాం," అంది పిన్ని. "జబ్బుచేసినవాళ్లకు సగం కూలైనా ఇవ్వాలని అడగడానికి రేపు అందరం ఓనరు దగ్గరికి వెళ్తున్నాం. నువ్వూ రావే."

"వస్తాను," అంది సైరన్. "నిన్ను క్షమించి మాత్రం కాదు."