గోవిందమ్మ అలుపు

"అమ్మా, నా పరీక్షలయ్యేదాకా నువ్వు గోవిందమ్మవి. ప్లీజ్," అంది సాహితి.

గౌతమి మాగాయకి కాయలు చెక్కు తీస్తోంది. తోటలోంచి వచ్చిన గోనెడు కాయలు ఎండెక్కకముందే తరిగి ఉప్పులో వెయ్యాలి. చేతులనిండా సొన. కూతురి మాట సగమే చెవిన పడింది.

"ఎవరే గోవిందమ్మ?"

సాహితి కింద చతికిలబడి గబగబా చెప్పింది. సాయంత్రం టీవీలో ఓ మాయల సీరియల్ వస్తుంది. దాని అభిమానులు కొందరు వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుని ఆట ఆడుతున్నారు. రాజూ రాణీ వద్దు. కోటలో వెనకాల నిలబడే మామూలు వాళ్ళని తీసుకుని, ఒక్కొక్కళ్ళకీ ఓ అద్భుతశక్తి ఇచ్చి, తామే ఆ మనిషైపోయి మాటలు రాయాలి. గుర్రాలకి గడ్డి వేసేవాడు పిడుగులు కురిపిస్తాడు. దీపాలు వెలిగించే పిల్ల గాల్లో ఎగురుతుంది. సాహితి తీసుకున్నది వంటమనిషిని. పళ్ళెం పట్టుకుని అటునించి ఇటు వెళ్ళడమే తప్ప సీరియల్లో ఆవిడకి పేరైనా లేదు. గోవిందమ్మ అన్న పేరు సాహితి పెట్టిందే.

"రెండు రోజులు ఏమీ రాయకపోతే చంపేస్తారమ్మా."

గౌతమి చేతిలో కత్తి ఆగిపోయింది. "ఎవర్నే?"

"నన్ను కాదు, గోవిందమ్మని! నేను హాస్టల్లో శ్రీరమ్య రూములో ఉండి చదువుకుంటా. ఫోన్ ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నాం. గ్రూపులో నీ నంబరు చేర్పించా, అది కూడా నాదేనని చెప్పాన్లే. 'వంటయింది, రండి' అని కొట్టినా చాలు."

"మరి ఆవిడ శక్తేంటి?"

"ఇంకా ఏం ఇవ్వలేదు. నువ్వేం బుర్ర పెట్టకు. ఊరికే బతికించి ఉంచు."

ఊరికే బతికించి ఉంచడం. గౌతమికి నవ్వొచ్చింది. ఆ పనిలో తనకన్నా అనుభవం ఉన్నవాళ్ళు నూజివీడు మొత్తం మీద ఎవరున్నారు? అత్తగారు పోయేదాకా ఆవిణ్ణి బతికించింది, ఇంటినీ తులసికోటనీ బతికించింది, తను పాఠాలు చెప్పే బడిలో వార్షికోత్సవాన్ని ఏటా బతికిస్తోంది. ఉపన్యాసాలు మాస్టార్లవి, ముగ్గులూ టీలూ టీచరమ్మలవి.

మొదటిరోజు "వంటయింది, రండి" అనే కొట్టింది. ఒక్కరూ రాలేదు. అందరూ పిడుగుల మధ్య కొట్టుకుంటున్నారు. ఆటలో కూడా వండినది చల్లారిపోతోందని గౌతమి నొచ్చుకుంది.

మర్నాడు పొద్దున భర్త ఉదయశంకర్ ఆగిరిపల్లి ఆఫీసుకి బయల్దేరుతూ, స్కూటర్ దగ్గర రుమాలు అందుకుంటూ అన్నాడు. "ఈ ఎండల్లో పడి తిరిగితే తెలుస్తుంది. నీకేం, సెలవులిచ్చారు, నీడపట్టున ఉంటావు." చెడ్డగా అన్నమాట కాదు. ఆయన ఏదీ చెడ్డగా అనడు. అదే చిక్కు. చెడ్డగా అంటే పోట్లాడొచ్చు.

మధ్యాహ్నం ఫోన్ తీసి చూస్తే కోట కాపలావాడు రాశాడు. వాడిది ఉక్కు శరీరం, ఏ ఆయుధమూ దిగదు. "గోవిందమ్మా, మంచినీళ్ళు పట్రా. ఖాళీగానే కూర్చున్నావుగా."

గౌతమి ఒళ్ళు మండింది. ఎవరో ఏమిటో తెలియని మనిషి, లేని కోటలో, లేని దాహానికి కూడా తననే నీళ్ళడుగుతున్నాడు! పసుపంటిన వేలితోనే టైపు చెయ్యడం మొదలుపెట్టింది. గోవిందమ్మ చెంబు పట్టుకుని కాపలావాడి దగ్గరికొచ్చింది. నీళ్ళివ్వలేదు. తన అలుపు ఇచ్చింది. కోడి కూయకముందు లేచి, ఇంకా ఎవరూ లేవలేదు కదా అని చప్పుడు కాకుండా గిన్నెలు తీసే అలుపు. టిఫిన్ తింటూనే మధ్యాహ్నం కూరేంటని అడిగితే చెప్పవలసి వచ్చే అలుపు. జ్వరమొచ్చినప్పుడు కూడా మందుబిళ్ళ ఎక్కడుందో అందరికీ తనే చెప్పాల్సిన అలుపు. "మా కోడలు కూర్చోగా నేను చూళ్ళేదమ్మా" అని అత్తగారు పదిమందిలో మెచ్చుకుంటే, ఆ మెప్పు చెడిపోతుందేమోనని కాళ్ళు పీకుతున్నా కూర్చోకుండా నిలబడ్డ అలుపు. ఒళ్ళంతా ఉక్కే కానీ అలుపుకి తలుపు అక్కర్లేదు. కాపలావాడి మోకాళ్ళు వంగాయి. శత్రువులు కోటగోడ ఎక్కుతుండగా నిలువునా కూలబడి, "అమ్మా, కాస్సేపు పడుకుంటానే" అన్నాడు.

పంపించేశాక గౌతమి రాసినదంతా మళ్ళీ చదువుకుంది. సాహితి ఆట పాడుచేశానేమో!

ఫోన్ మోగుతూనే ఉంది. నవ్వు బొమ్మలు, చప్పట్లు. దీపాల పిల్ల రాసింది: "గోవిందమ్మగారూ, మా ఇంటికి ఒకసారి వస్తారా? మావాళ్ళు నలుగురున్నారు." కాపలావాడు మంచివాడే. "లేవలేకపోతున్నా తల్లీ, నీళ్ళు నేనే తెచ్చుకుంటా" అని ఒప్పుకున్నాడు.

గ్రూపు నడిపేది చింతలపూడిలో ఎవరో గోదాదేవి. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. "శక్తి బాగుంది. కానీ ప్రతి శక్తికీ హద్దుండాలి, లేకపోతే ఆట చెడుతుంది. గోవిందమ్మ శక్తి ఎప్పుడు పనిచెయ్యదు?"

ఆ పూటకి గౌతమి ఫోన్ పక్కన పెట్టేసింది. మర్నాడు డాబా మీద మాగాయ ముక్కలు ఊటలోంచి పిండి చాప మీద పరుస్తూ ఆలోచించింది. ఇంత అలుపుంది కదా, ఇన్నేళ్ళుగా అది ఎవరికీ ఎందుకంటలేదు? అడిగితే "ఏం లేదండీ" అంటుంది. నీరసంగా ఉన్నావేంటంటే "ఎండకి" అంటుంది. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఆవిడ పైకి చెప్పకపోతే పనిచెయ్యదు. 'నేను అలిసిపోయాను' అని నోటితో అనాలి. అంతవరకూ ఆ అలుపంతా ఆవిడలోనే ఉండిపోతుంది."

గోదాదేవి వెంటనే రాసింది. "ఇది చాలా గట్టి హద్దండీ."

ఆదివారం పదకొండింటికి ఉదయశంకర్ ఫోన్ చేశాడు. తోట కౌలు మాట్లాడ్డానికి సుబ్బారావుగారూ ఇంకో ఇద్దరూ వస్తున్నారు, ఉన్నదేదో పెట్టెయ్యమన్నాడు. ఉన్నదేదో అంటే పప్పు, వేపుడు, పులుసు, పెరుగుపచ్చడి అని గౌతమికి తెలుసు. అన్నీ చేసింది. విస్తళ్ళు వేసి మొదటి విడత వడ్డించింది. సుబ్బారావుగారు మర్యాదకి, "అప్పటికప్పుడు మీకు శ్రమిచ్చామమ్మా" అన్నాడు.

"శ్రమేముందండీ, సెలవులేగా. ఆవిడకిదో కాలక్షేపం," అన్నాడు ఉదయశంకర్ అన్నం కలుపుకుంటూ.

గౌతమి గరిటె గిన్నెలో పెట్టింది. నాలిక మీద మాట బరువుగా ఉంది. అననని అనుకుంది. అన్నది.

"నేను అలిసిపోయానండీ. కూర్చుంటాను. మీరు వడ్డించండి."

పిడుగులేం పడలేదు. ఉదయశంకర్ నవ్వబోయి, ఆవిడ నిజంగానే వెళ్ళి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవడం చూసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. వంటింట్లో మూతలు తీస్తున్న చప్పుడు. "నెయ్యెక్కడా?" అన్న కేక. ఎదురుగానే ఉందని చెప్పబోయి గౌతమి ఆగింది. కాస్సేపటికి దొరికినట్టుంది. పులుసుకంటే ముందు పెరుగు వడ్డించాడు. సుబ్బారావుగారు తలెత్తకుండా తిన్నాడు. లేచేటప్పుడు మాత్రం తన విస్తరి తనే మడిచి తీసుకుంటూ, "మా ఇంట్లోనూ ఇంతేనేమోనమ్మా, అడగలేదెప్పుడూ," అన్నాడు.

సాయంత్రం సోఫాలో ఒరిగి ఉదయశంకర్, "నడుం లాగేస్తోందోయ్," అన్నాడు. గౌతమి నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. తర్వాత ఆయనే లేచి టీ పెట్టాడు. చక్కెర మరిచిపోయాడు. ఇద్దరూ అలాగే తాగారు.

పరీక్షలైపోయి సాహితి వచ్చింది. సంచీ కిందపెట్టకుండా ఫోన్ లాక్కుని చదవడం మొదలుపెట్టింది. చదువుతూ పకపకా నవ్వింది, ఓ చోట నవ్వడం మానేసి తల్లి వంక చూసింది, మళ్ళీ చదివింది.

"ఇదంతా నువ్వే రాశావా?"

"మరి ఎవరు రాస్తారు?"

"అందరూ గోవిందమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు! సరే, ఇంక నేను చూసుకుంటాలే. నీ నంబరు తీయించేస్తా."

గౌతమి చెయ్యి అలవాటుగా 'సరే' అన్నట్టు కదిలింది. ఇవ్వడం ఆ చేతికి వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. తనకి ఎమ్మే సీటొచ్చినప్పుడు ఇలాగే చెయ్యూపి వదులుకుంది. మామిడిపండు కోస్తే బుగ్గలు వాళ్ళకీ టెంక తనకీ. ఆ పిల్లకేం తెలుసు పాపం, అమ్మ దగ్గరున్నవన్నీ తన కోసం దాచినవేననుకుంటుంది. అలా అనుకునేట్టు పెంచింది తనే.

"గోవిందమ్మ నీది. పేరు పెట్టింది నువ్వు, తీసుకో," అంది గౌతమి ఫోన్ తిరిగి తీసుకుంటూ. "శక్తి మాత్రం ఇవ్వను. అది నాది."

"అమ్మా! శక్తి లేకపోతే గోవిందమ్మతో నేనేం చేసుకుంటాను?"

"నీ శక్తేంటో నువ్వు వెతుక్కో. తొందరేం లేదు."

సాహితి తల్లి పక్కనే సోఫాలో కూలబడింది. గౌతమి గ్రూపు తెరిచి ఇన్నాళ్ళూ గోవిందమ్మని నడిపింది తనేనని, ఇకమీదట సొంతపేరుతో ఆడతానని గోదాదేవికి రాసింది. వెంటనే జవాబొచ్చింది. "రండి రండి! సీరియల్లో మీరెవరు?"

గౌతమి ఒక్క క్షణం ఆలోచించి కొట్టింది.

"సీరియల్లో లేనండీ. నూజివీడులో ఉన్నాను."