చిన్న నంబరు

నా భార్య గౌరి పోయిన రోజు మేము పులివెందులలో ఒక పెళ్ళిలో ఉన్నాం. వాళ్ళ పెదనాన్న మనవరాలి పెళ్ళి. తలంబ్రాలయ్యాక గౌరి నా పక్కకు వచ్చి ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది. ముఖమంతా చెమట. మండపం దగ్గరున్న డాక్టరు నాలుక కింద మాత్ర పెట్టించి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఎవరో అంబులెన్సుకు ఫోను చేయబోతే ఆమె తమ్ముడు ఉదయ్‌కిరణ్ ఆపాడు. అది వచ్చేలోపల తన కారులో ప్రొద్దుటూరు చేరిపోవచ్చన్నాడు. అక్కడి గుండె డాక్టరు వాళ్ళ కుటుంబానికి తెలిసినవాడు. నేనూ సరేనన్నాను.

ఉదయ్‌కు ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉంది. వాళ్ళ నాన్న కాలంలో ఒక్క గది. దాన్ని రెండంతస్తులు చేశాడు. ఆ సంతోషంలోనే, బెంగళూరులో ఎవరో వాడిన అమెరికా కారు కొన్నాడు. ఎర్రది, ఎనిమిది సిలిండర్లది. ముందు ఇద్దరు కాళ్ళు చాపుకోవచ్చు, వెనక కూర్చునేవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకోవాలి. ఫ్యాక్టరీ ఇచ్చిన బలం చాలదని దాని కంప్యూటర్‌లో వేరే ఫైలు ఎక్కించాడు. పెట్రోలు ఎంత పడాలో, నిప్పు ఏ క్షణాన అంటుకోవాలో ఇంజిన్‌కు చెప్పేది ఆ ఫైలే. ట్యూన్ అంటారు. "నీ బండి చప్పుడుకు మా వీధిలో పాలు విరిగిపోతాండాయి రా" అని గౌరి వాణ్ణి ఏడిపించేది.

ఆ రోజు గౌరిని ముందు సీటులో పడుకోబెట్టి, నేను వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకున్నాను. ముద్దనూరు దారిలో ఘాట్ మొదలయ్యేదాకా కారు దూసుకుపోయింది. ఎక్కుడులో ఉదయ్ గట్టిగా తొక్కగానే ఇంజిన్‌లో ఏదో గలగలమంది. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లు. తర్వాత స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలిగింది. కారు బలం విడిచేసింది. ఉదయ్ ఎంత తొక్కినా అది నడిచింది కాని పరుగెత్తలేదు. వెనక వచ్చిన లారీలు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. ఒకచోట ఆపి, ఇంజిన్ ఆర్పి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. దీపం పోలేదు. "తొందరేం లేదులే రా" అంది గౌరి. ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

ప్రొద్దుటూరు డాక్టరు చూసి, తెచ్చేసరికే అయిపోయిందన్నాడు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే, అని అడిగాను. "చెప్పలేం సార్" అన్నాడు. ఔనని కాని కాదని కాని అని ఉంటే, ఏదో ఒకటి పట్టుకుని బతికేవాణ్ణి.

కర్మలన్నీ అయ్యాయి. నేను జమ్మలమడుగులో బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. పాఠం చెప్పేటంతసేపూ బాగానే ఉండేది. ఉదయ్ మాత్రం అంగడికి సరిగా పోవడం లేదని వాళ్ళమ్మ సుధారాణి ఫోనులో చెప్పేది. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. ఎవరైనా పలకరిస్తే ఒకటే మాట: నా బండిలో బలం చాల్లేదు. బలం ఉంటే అక్క బతికేది.

ఆ మాట వాణ్ణి నిలబెడుతోందని నాకనిపించేది. తప్పు ఇనుముది. దాన్ని తిట్టుకోవచ్చు, బాగు చేయించుకోవచ్చు.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా వదులైంది. బెంగళూరులో ట్యూన్లు తయారుచేసే సుధీర్ అనే అతను రెండు కొత్త ఫైళ్ళు పంపాడట. ఒకటి ఎక్కించాలి. ఈసారి తాను ఒక్కడే ఎంచుకోలేనన్నాడు.

"నువ్వు సైన్సు సారువి బావా. నువ్వు చూసి చెప్పు. ఇంగ యాడా నిలబడగూడదు ఈ బండి."

ఇద్దరం ప్రొద్దుటూరు వెళ్ళాం. ఊరి చివర రిజ్వాన్ షెడ్డు ఉంది. మనిషి లావు, నోరు పెద్దది. ఆ చుట్టుపక్కల ఇలాంటి కార్లు ముట్టుకునేవాడు తానొక్కడేనని గొప్పలు చెప్పుకుంటాడు. మమ్మల్ని చూడగానే టీ తెప్పించాడు, గౌరి సంగతి ఎత్తకుండా ఎండల గురించి మాట్లాడాడు. అంతలో అంగడి నుంచి ఫోను వస్తే ఉదయ్ రోడ్డు మీదికి వెళ్ళాడు.

రిజ్వాన్ చేతిలో ఫోనంత పరికరం ఒకటి ఉంది. దాన్ని కారుకు తగిలించి ఫైళ్ళు మారుస్తాడు. ఇప్పుడు కారులో ఏది ఉందని అడిగాను. తెర చూపించాడు. పేరు చివర తొంభై ఐదు అని ఉంది. కొత్తవాటిలో ఒకటి తొంభై ఒకటి, ఒకటి నూరు.

ఆ అంకె దేనిదని అడిగాను. పెట్రోలుదన్నాడు. ఏ రకం పెట్రోలు పోస్తే ఆ ఫైలు పనిచేస్తుందో ఆ నంబరు. మన బంకుల్లో పోసేది తొంభై ఒకటి. తొంభై ఐదు ఫైలు పెట్టుకుని అది పోస్తే, నిప్పు అంటుకోవలసిన క్షణం కంటే ముందే లోపల పేలుతుంది. ఇంజిన్ గలగలమంటుంది. తను పగిలిపోకుండా బలాన్ని తానే తగ్గించుకుంటుంది.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఉదయ్ ఏ పెట్రోలు పోయిస్తాడో తెలుసా అన్నాను.

"బెంగళూరు నుంచి క్యాన్లలో తెప్పించుకుంటాండాడు గదా సార్. తొంభై ఐదు కావాలన్నాడు, అంత తెలిసే అడిగినాడనుకుంటి."

తెప్పించుకోవడం లేదు. అంగడి పక్క బంకులో పోయిస్తాడు. నేనే ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను. తొంభై ఐదు ఎందుకు అడిగాడో కూడా నాకు అర్థమైంది. పుట్టినప్పటి నుంచి బంగారం మధ్య పెరిగినవాడు. వాళ్ళ అంగట్లో అంకె పెరిగితే సరుకు మేలు. పద్దెనిమిది క్యారెట్ల కంటే ఇరవై రెండు, దానికంటే ఇరవై నాలుగు. చిన్న అంకె అంటే రాగి కలిసినట్లే. అది సరుకు గురించి చెప్పే అంకె కాదని, మననుంచి ఏదో కోరే అంకె అని వాడికి తోచి ఉండదు.

రిజ్వాన్ నా ముఖం చూస్తూనే ఉన్నాడు. పెళ్ళికి పోయేముందు ట్యాంకులో ఏముందో అతనికీ అర్థమైంది. నోరు పెద్ద మనిషి గొంతు బాగా తగ్గింది.

"నేనే ఎక్కిస్తి సార్ ఆ ఫైలు."

నీకు తెలియదు కదా అన్నాను. ఉదయ్ తిరిగి వస్తున్నాడు. రిజ్వాన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "అన్నకు తెలిస్తే బతకడు సార్" అన్నాడు.

నేను అనుకున్నదీ అదే.

ఉదయ్ తెర చూసి వెంటనే నూరు మీద వేలు పెట్టాడు. నేను వద్దన్నాను. ఎందుకన్నాడు. మన ఎండలకు ఆగదన్నాను. ఎండలు అమెరికాలోనూ ఉంటాయన్నాడు. రిజ్వాన్ కల్పించుకుని, నూరు ఫైలు పందేలకు, మన రోడ్లకు కాదన్నాడు. ఉదయ్ నవ్వాడు. అక్క పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. అది నవ్వులా లేదు.

"ఏంది రిజ్వాన్, నువ్వు కూడా? తక్కువ సరుకు పెట్టుకోని అక్కను చంపుకుంటి. మళ్ళా దానికంటే తక్కువది పెట్టుకోమంటావా?"

పరికరం ఇంకా కారుకే తగిలించి ఉంది. ఒక్కసారి నొక్కితే నూరు ఎక్కిపోతుంది. ఆ ఫైలుతో, ఆ బంకు పెట్రోలుతో, వీడు ఘాట్ మీద ఎంత గట్టిగా తొక్కుతాడో నాకు తెలుసు. పందెం ఫైలు కాబట్టి ఇంజిన్ తనను తాను కాపాడుకునే జాగ్రత్త కూడా అందులో తీసేసి ఉంటారని రిజ్వాన్ ఒక్క మాటలో అన్నాడు. ఉదయ్ వినిపించుకోలేదు. ఇంజిన్ పగిలితే మలుపులో కారు ఎటుపోతుందో చెప్పలేం. వాళ్ళమ్మకు మిగిలింది వీడొక్కడే.

ఒక బేరం పెట్టాను. ముందు చిన్నది ఎక్కించి ఘాట్ దాకా పోదాం. చాలకపోతే తిరిగొచ్చి నీ ఇష్టమొచ్చింది ఎక్కించుకో, నేను అడ్డం రాను. ఉదయ్ తెర మీది నుంచి వేలు తీశాడు. చివరికి, "నీ మాట కోసం బావా" అన్నాడు. రిజ్వాన్ వెంటనే తొంభై ఒకటి నొక్కాడు.

జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు చేరి, పులివెందుల దారి పట్టాం. నేను ముందు సీటులో కూర్చున్నాను. ఆ రోజు గౌరి కోసం వెనక్కి వాల్చిన సీటు అలాగే ఉంది. సరిచేసుకోవాలనిపించలేదు. ఉదయ్ ఘాట్ దాటి, అవతలి వైపు దిగి, ఒక చదును చూసి బండి తిప్పాడు. అప్పుడు తెలిసింది, వాడికి కావలసింది ఆ రోజు ఎక్కిన వైపే అని.

ఎక్కుడు మొదలైంది. కాలు చివరిదాకా తొక్కాడు. నేను ఇంజిన్ చప్పుడు విన్నాను. గలగల రాలేదు. దీపం వెలగలేదు. వీపు సీటుకు అతుక్కుపోయింది. ముందున్న లారీని, దాని ముందున్న బస్సును దాటాం. ఆ రోజు ఆగిన చోటు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో. వాడు కాలు తీయలేదు. పై మలుపు మీదికి వస్తుంటే, "చాలు ఉదయ్" అన్నాను. రెండోసారి అన్నాక తీశాడు.

పైన రోడ్డు పక్కన ఆపాడు. నాకు లోపల తేలికగా ఉంది. ఇంక నూరు సంగతి ఎత్తడు అనుకున్నాను. ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

ఉదయ్ ఇంజిన్ ఆర్పేశాడు. అద్దంలోంచి ఎక్కివచ్చిన రోడ్డు చూస్తున్నాడు.

"చిన్నదానితో ఎట్లెక్కింది బావా?"

ఆ రోజు ఎండ ఎక్కువన్నాను.

"ఆ పొద్దు కంటే ఈ పొద్దే శానా ఎండ."

ఆ రోజు ముగ్గురం ఉన్నామన్నాను. అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. గౌరి ఎంత బరువని.

వాడు నా వైపు తిరిగాడు. అరుస్తాడేమో అనుకున్నాను. బడిలో లెక్క రాని పిల్లవాడు అడిగినంత మెల్లగా అడిగాడు.

"తొంభై ఐదంటే ఏంది బావా? నీకు తెలుసు. రిజ్వాన్‌కూ తెలుసు. షెడ్డులో మీ ఇద్దరి ముఖాలు చూసినాను. చెప్పు."

నేను చెప్పగలను. రెండు వాక్యాలు చాలు. నలభై మందికి ఒకేసారి అర్థమయ్యేలా చెప్పడమే నా ఉద్యోగం. నోరు తెరిచాను. "అమ్మ ఎదురుచూస్తాంటాది, పోదాం పా" అన్నాను.

వాడు తాళం తిప్పాడు.

ఇప్పుడు ఉదయ్ అంగడికి వెళ్తున్నాడు. అన్నం తింటున్నాడని సుధారాణి అంటోంది. కారులో చిన్న ఫైలే ఉంది. ఆదివారాలు ఫోను చేస్తాడు. తిన్నావా, మందులేసుకున్నావా అని అడుగుతాడు. ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడడు, ఫోను పెట్టడు. నేను కూడా పెట్టను. రిజ్వాన్‌ను అడిగాడేమో కనుక్కున్నాను. అడగలేదట. నా దగ్గరే వినాలనుకుంటున్నట్లుంది.

తొంభై ఐదు అంటే ఏమిటో ఉదయ్‌కు నేనింకా చెప్పలేదు.